అదే తారీఖు

మన్మాడ్ నుంచి వచ్చే బండి ఇంకా రాలేదు. అది రాకపోతే బాగుండునని ఒక క్షణం, ఇంకా రాదేమని మరుక్షణం, ఈరవ్వ ప్రాణాన్ని ఎవరో రెండు దిక్కులా పట్టి గుంజుతున్నట్టుంది. నిజామాబాద్ స్టేషన్లో, గోడ నీడ పలచగా పడిన చోట, చెవుల్లో దూది, తలకు గుడ్డ, నడుముకు బిగించి కట్టిన పాత చీర ముక్క, ఒళ్ళో ఇంకా పేరు పెట్టని ఆడపిల్ల. బాలింత గడప దాటడమే తప్పు, అందులోనూ పదిమంది తిరిగే రైలు స్టేషనుకు రావడం. దారి పొడుగునా ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. నొక్కుకోనీ, వాళ్ల మొగుళ్ళు ఇంట్లో ఉన్నారు. తన మొగుడు లింగం తాపీ పనికని కచ్ఛ్ దేశం నుంచి వచ్చిన కచ్ఛీ గుత్తేదారు వెంట పోయి ఎక్కడో క్వెట్టా అనే ఊళ్ళో ఉన్నాడు, ఆ ఊరేమో రాత్రికి రాత్రి భూమి కదిలి మట్టికుప్ప అయిపోయిందట, ఎన్ని వేలమంది పోయారో లెక్క తేలలేదట. నిన్న గుత్తేదారు మనిషి వచ్చి వాకిట్లో నిలబడే చెప్పిపోయాడు, బతికిన వాళ్లను పంపిస్తున్నారు, ఇటువైపు వాళ్లు రేపు మధ్యాహ్నం మన్మాడ్ బండికి దిగుతారని. ఎవరెవరు అని అడిగితే పేర్లు తనకు తెలియవన్నాడు. "ఉంటే దిగుతడు" అన్నాడు. ఉంటే అన్న ఆ ఒక్క ముక్క నిన్నటి నుంచి గొంతులో చేపముల్లులా ఇరుక్కుని, జొన్న గటక మింగినా పోలేదు, నీళ్లు తాగినా పోలేదు.

ఎదురు పట్టా మీద ఇంకో బండి ఆగి ఉంది, సికింద్రాబాద్ నుంచి వచ్చి మన్మాడ్ వైపు పోయేది. దారికి ఒకటే పట్టా కనుక మన్మాడ్ నుంచి వచ్చేది చేరేదాకా ఇది కదలడానికి లేదు, అది రాగానే ఇది పోతుంది. ఆ బండి జనానా డబ్బాలో, ఊరికి తిరిగి పోవడానికి ఇక్కడ ఎక్కి, ఆడవాళ్ల నడుమ కిటికీ పక్కన గంగుబాయి కూర్చుంది. ధర్మాబాద్‌లో మిరపకాయల దుకాణం వాళ్ల ఇల్లాలు, జుట్టు నెరుస్తున్నా కడుపు పండలేదు, అత్తకు ఎప్పటినుంచో ఎరుక. చెడ్డ మనిషి కాదు. చెడ్డదైతే ఎంత హాయిగా ఉండేది, నాలుగు తిట్లు తిట్టి వెళ్ళగొట్టి ఉండేది ఈరవ్వ. ఆమె పిల్ల కోసం తనే కుట్టి తెచ్చిన ఎర్ర కుల్లాయి ఒళ్ళో పెట్టుకుని, దాని అంచును వేళ్లతో సరిచేస్తూ, ఇటు చూసి చూడనట్టు చూస్తోంది. ఆ వేళ్ల తొందర ఈరవ్వకు ఇంత దూరానికీ కనిపిస్తోంది. చూడొద్దనుకుంటుంది, చూస్తుంది.

పొద్దున్నే అత్త భీమవ్వ పిల్లను చేటలో పడుకోబెట్టి పెంటకుప్ప మీద దించింది. అది ఎవరూ ఎరగని ఆచారం కాదు. పుట్టిన ఘడియ మంచిది కాదనుకుంటే పిల్లను పారేసినట్టు పెంట మీద పారేస్తారు, ఎవరో ఒకామె వచ్చి సోలెడు తవుడు పోసి కొన్నట్టు కొంటుంది, కొని మళ్ళీ తల్లి ఒళ్ళోనే పెడుతుంది. ఈ పిల్ల మాది కాదు, కొనుక్కున్నది, దీని మీద నీకేం పని అని దేవుడి కళ్ళు కప్పడమన్నమాట. ఆ దేవుడు కూడా అంత అమాయకుడే అయి ఉండాలి, ఎందుకంటే అట్లా పెంట పేరే పెట్టించుకుని వాడకు ఇద్దరు పెంటవ్వలు, ముగ్గురు పెంటయ్యలు రాయిలాగా బతికి తల్లుల బుర్రలు తింటున్నారు. కానీ ఈ పొద్దున తవుడు పోసిన గంగుబాయి పిల్లను తిరిగి ఇవ్వలేదు. ఇవ్వకూడదని అత్త ముందే మాట తీసుకుంది. ఉత్తుత్తి అమ్మకంతో తీరే దోషం కాదట. "బండి వచ్చేలోపల పిల్ల చేతులు మారాలె ఈరవ్వ. తండ్రిని తినేటందుకు వచ్చింది గది. అది మన ఇంటి పిల్ల గాదంటేనే నా కొడుకు బండి దిగుతడు" అంది. ఈరవ్వ ఊఁ అంది. ఎవరో మెడ మీద కత్తి పెట్టి అనిపించలేదు, తన నోటితో తనే అంది. మొగుడు దిగాలి కదా. కడసారి పాలిచ్చి నా చేతులతో నేనే ఇస్తాను అని మాత్రం చెప్పి, గంగుబాయి దగ్గరి నుంచి పిల్లను అడిగి తీసుకుని తనే మోసుకొచ్చింది. పాలివ్వడం ఎప్పుడో అయిపోయింది. పిల్ల నిద్రపోతూ పెదవులు ఆడిస్తోంది, రవిక తడిసి ముద్దయింది, లేచి పది అడుగులు వేస్తే ఆ కిటికీ, కాళ్ళు మాత్రం లేవడం లేదు.

పిల్ల చేసిన నేరమల్లా పుట్టడం, ఆ పుట్టడం కూడా ఆ శుక్రవారం పుట్టడం. క్వెట్టా కూలిన శుక్రవారం. అమావాస్య ముందరి రోజు అని మొదట్లోనే నసిగిన అత్త, పిల్ల ముక్కు కొడుకు ముక్కులాగా ఉందని మురిసి ఆ సంగతి మరిచిపోయింది కూడా. మళ్ళీ గుర్తు చేసింది బాలనర్సయ్య. బీడీల కార్ఖానాలో అందరూ చేతులు ఆడిస్తుంటే ఆయన నోరు ఆడిస్తాడు, ఉర్దూ అఖ్బారు చదివి తెలుగులో చెబుతాడు, అందుకు తలా కాసిని బీడీలు ఆయన లెక్కలో చుట్టి పెడతారు. నెలలు నిండేదాకా ఈరవ్వ కూడా తునికాకు కత్తిరిస్తూ విన్నదే. మంచివాడే పాపం, కానీ ఆయనకో పిచ్చి ఉంది. ఎవరి నోటి నుంచి తారీఖు ఊడిపడినా సరే, అదే తారీఖున లోకంలో ఎక్కడెక్కడ ఏమేం జరిగిందో చెప్పనిదే బీడీ కూడా ముట్టించడు. పెళ్లి ముహూర్తం చెప్పబోతే ఆ రోజు ఏ రాజు చచ్చాడో చెబుతాడు. ఆ మనిషి ఓదార్చడానికని వచ్చి, వాకిట్లో కూర్చుని, పిల్ల ఎప్పుడు పుట్టిందని అడిగి, అఖ్బారు మడత విప్పి, "ముప్పై ఒకటో తారీఖా? గదే తారీఖు క్వెట్టా కూలింది గదా" అన్నాడు. అని ఊరుకున్నాడా, ఊరుకుంటే బాలనర్సయ్య ఎట్లా అవుతాడు. "గీ తారీఖు మామూలుది గాదు భీమవ్వా. గీ తారీఖే ఇంగ్రేజోళ్లు దునియాల అన్నిటికన్న పెద్ద ఓడను మొట్టమొదలు నీళ్లల్లకు దింపిండ్రు, అది ఏమైంది? మొదటి పయనంల్నే మునిగె. గీ తారీఖే పెద్ద లడాయిల ఇంగ్రేజోడు, జర్మనోడు సముద్రం మీద కొట్టుకున్నరు, వేలమంది నీళ్లల్ల పోయిండ్రు. గీ తారీఖే అమెరికాల చెరువుకట్ట తెగి ఊరంత కొట్టుకపోయింది." ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. అత్త కళ్ళు తేలిపోతున్నాయి. లోపల పురిటి మంచం మీద ఈరవ్వ పిల్లను దగ్గరికి లాక్కుంది, ఆ ఓడ, ఆ నీళ్లు, ఆ తెగిన కట్ట ఒక్కొక్కటే గదిలోకి వచ్చి ఈ మూరెడు పిల్ల చుట్టూ నిలబడ్డట్టు.

అయితే ఆయన ఇంకోటి కూడా చెప్పాడు. అత్త అప్పటికే గుండెలు బాదుకుంటోంది కనుక వినలేదు, ఈరవ్వ విన్నది. అదే తారీఖున ఆఫ్రికాలో ఇంగ్రేజోళ్లకు, బోయరోళ్లకు మధ్య ఏళ్లకేళ్లు సాగిన లడాయి ఆగిపోయిందట, కాగితాల మీద దస్తఖతులు చేసి తుపాకులు దించారట. మరి ఆ రోజు ఎందరు తల్లులు నవ్వి ఉంటారు. ఎందరు మొగుళ్ళు ఇళ్లకు తిరిగొచ్చి ఉంటారు. ఆ లెక్క ఎవరి ఖాతాలో వేయాలి, మునిగినవన్నీ పిల్ల పేర రాస్తే ఆగిపోయింది ఎవరి పేర రాస్తారు. ఇంతకీ తారీఖు అంటే ఏమిటి. సర్కారు కచేరీలో నిజాం ఫసలీ లెక్క, అక్కడ అది తీర్ నెల, తారీఖు ముప్పై ఒకటి కానే కాదు. అయ్యగారి పంచాంగంలో బహుళ చతుర్దశి. ఇంగ్రేజోళ్లకు నడిరాత్రి అందరూ గుర్రుపెట్టి నిద్రపోతుంటే దినం మారిపోతుంది, పక్కింటి సాయిబులకు పొద్దు గూకగానే మారుతుంది, తన ఇంట్లో మాత్రం పొద్దు పొడిస్తేనే కొత్త దినం. క్వెట్టా కూలింది తొలికోడి కూయకముందట. అంటే తన ఇంటి లెక్కలో అప్పటికింకా బేస్తవారం పోనే లేదు. పిల్ల పుట్టింది పొద్దు బారెడు ఎక్కాక. అది వేరే దినం, ఇది వేరే దినం. ఈ మాట అత్తతో అనాలని పొద్దుటి నుంచి నాలుక చివర పెట్టుకుంది. అనలేదు. ఎందుకంటే ఇంకో మాట కడుపులో ఉంది, అది ఎవరికీ తెలియదు. ఆ రాత్రి తొలికోడి కూయకముందే తనకు మెలకువ వచ్చింది. ఎవరో నడుం పట్టి ఊపినట్టు మొదటి నొప్పి అప్పుడే వచ్చింది. అక్కడ భూమి కదిలినప్పుడే ఇక్కడ తన కడుపు కదిలింది. లెక్కలు ఎన్నయినా మార్చవచ్చు, ఆ నొప్పిని ఎట్లా మార్చేది, ఆ క్షణమే మొగుడి మీద పైకప్పు పడిందేమో, ఆయన అవ్వా అన్నప్పుడే తానూ అవ్వా అన్నదేమో. ఆ ఆలోచన రాగానే పిల్ల బరువు పెరిగినట్టయింది, ఇచ్చేద్దాం, ఇప్పుడే లేచి ఇచ్చేద్దాం అనిపించింది.

"పిల్లా, లే" అంది పక్కనుంచి భీమవ్వ. ఈరవ్వ లేవలేదు. "ఇంకో గడియల బండొస్తది. లే, నీ కాళ్లు మొక్కుత." అత్త ఎప్పుడూ అట్లా అనదు. బోధన్ దగ్గరి చెరకు తోటల్లో కూలికి పోయి, భుజాల మీద మోపులు మోసి, ఒక్క కొడుకును పెంచిన మనిషి, ఎవరి కాళ్లూ మొక్కనిది. ఆమెను చూస్తే కోపం రావాలి, రావడం లేదు, ఆమెకూ ఆయనే కావాలి తనకూ ఆయనే కావాలి, ఇద్దరికీ కావలసింది ఒకటే అయినప్పుడు ఎవరి మీద కోప్పడాలి. కొత్తగా కాపురానికి వచ్చిన ఏడాది బోధన్‌లో ఆ తోట పక్కనే బెల్లం వండుతుంటే లింగం రాత్రంతా పొయ్యి దగ్గర ఉండి, తెల్లవారి ఆకులో వేడి బెల్లం పట్టుకొచ్చి, ఊదుకుని తిను అని చెబుతూనే తను ఊదకుండా తిని నాలుక కాల్చుకున్నాడు. రెండు రోజులు మాట్లాడలేక సైగలు చేశాడు, అత్తా తనూ పడీపడీ నవ్వారు. నిజాంసాగర్ కాలువ తవ్వినన్నాళ్ళు పనికి కొదవ లేదు, కాలువ పారింది, చెరకు పెరిగింది, కాలువ కట్టినవాళ్లకు పని లేకుండా పోయింది, క్వెట్టాలో ఫౌజువాళ్లకు ఇళ్లు కడుతున్నారని కచ్ఛీ గుత్తేదారు చెబితే బోధన్ ఆశన్న, ఆయన, ఇంకా కొందరు పోయారు. పోయేటప్పుడు ఇదే చోట నిలబడి, "కాన్పు నాటికి వస్త" అన్నాడు. నవ్వుతూ అన్నాడా, దిగులుగా అన్నాడా. ఎంత గుర్తు చేసుకున్నా ముఖం రావడం లేదు, కాలిన నాలుక బయటపెట్టి సైగ చేస్తున్న ముఖమే వస్తోంది.

స్టేషను గంట మోగింది. వేలాడదీసిన పట్టా ముక్కను పోర్టరు ఇనుప కడ్డీతో కొడుతున్నాడు. నవీపేట వదిలిందట, ఎవరో అంటున్నారు. నవీపేట అంటే గోదావరి దాటేసినట్టే, బాసర వంతెన మీద పైసలు వేసేవాళ్లు వేసి, దండం పెట్టేవాళ్లు పెట్టి, ఇక సామాను సర్దుకుంటూ ఉంటారు. ఆయన కూడా సర్దుకుంటూ ఉంటాడా. సర్దుకుంటూ ఉంటే... అక్కడ ఈరవ్వ ఆలోచన ఒక్కసారి ఆగి నిలబడింది. ఉంటే, ఆయన ఇప్పటికే ఆ బండిలో ఉన్నాడు. లేకుంటే, ఇప్పటికే లేడు. నిన్నా మొన్నా ఎక్కడో ఏ స్టేషన్లోనో ఎక్కి ఉంటాడు, లేదా ఎక్కలేదు. తను ఇప్పుడు లేచి పది అడుగులు వేసి పిల్లను ఆ కిటికీలోంచి అందిస్తే, నవీపేటకు, జానకంపేటకు నడుమ ఉరుకుతున్న బండిలో ఖాళీగా ఉన్న చోట మనిషి వచ్చి కూర్చుంటాడా. ఇవ్వకుంటే, కూర్చున్న మనిషి మాయమైపోతాడా. ఇంత చిన్న సంగతి ఇన్ని రోజులూ తట్టలేదేమిటి, అత్తకు తట్టలేదేమిటి, లోకంలోని తారీఖులన్నీ నాలుక మీద పెట్టుకుని తిరిగే బాలనర్సయ్యకు తట్టలేదేమిటి. తట్టినంత మాత్రాన భయం పోయిందా అంటే పోలేదు, నిజం చెప్పాలంటే ఇంకా పెరిగింది. ఇప్పుడిక బేరం లేదు, మొక్కు లేదు, బదులుగా ఇవ్వడానికి ఏమీ లేదు, ఉత్త చేతులతో ఎదురుచూడటమే. అయినా చేతులు పిల్ల చుట్టూ బిగుసుకున్నాయి.

భీమవ్వ వంగి పిల్ల కింద చేతులు పెట్టింది. ఈరవ్వ వదల్లేదు. "ఇయ్య అత్తా" అంది. "ఇయ్య. ఆయన దిగినా ఇయ్య, దిగకున్నా ఇయ్య." భీమవ్వ కొట్టడానికి చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండగా, జానకంపేట దిక్కు నుంచి పొగ కనిపించింది.

బండి వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. ఈరవ్వకు ముఖాలు కనిపించలేదు, తలపాగాలు కనిపించాయి, ట్రంకుపెట్టెలు కనిపించాయి, మరాఠీ కేకలు, పసుపు బస్తాల వాసన, ఎవరో మొగుడు, ఎవరో తండ్రి, ఎవరికో కొడుకు, ఒక్కొక్కరూ దిగుతుంటే కళ్ళు ఒక్కొక్కరి మీద వాలి కాదు, కాదు, కాదని లేచిపోతున్నాయి. చివరి డబ్బా నుంచి చేతికి కట్టు కట్టుకుని ఒకడు దిగాడు. ఆశన్న. ఆశన్న వెనక ఎవరైనా ఉండాలి. ఆశన్న వెనక తలుపు ఉంది, తలుపులో ఎవరూ లేరు. అతడు వీళ్లను చూసి, అడుగు ముందుకు వేసి, మళ్ళీ ఆగి, తల కిందికి వేసుకున్నాడు.

"లింగం ఏడిరా?" అంది భీమవ్వ.

"లేడవ్వా" అన్నాడు.

ఆ తర్వాత ఏమైందో ఈరవ్వకు వరుసగా తెలియలేదు. అత్త నేల మీద పడి దొర్లడం, ఎదురుగా ఉన్న బండి కూత వేయడం, కిటికీలో గంగుబాయి లేచి నిలబడి చేతులు చాచి, చాచిన చేతులను మెల్లగా లోపలికి తీసుకోవడం. తను ఏడుస్తోందో లేదో కూడా తెలియలేదు, ముఖం మాత్రం తడిసిపోయింది. "ఇయ్యమంటి గదనే! కాళ్లు మొక్కితి గదనే! తిన్నది, నా కొడుకును తిన్నది!" అంటూ అత్త పిల్ల వైపు చెయ్యి చూపిస్తోంది. మన్మాడ్ పోయే బండి కదిలింది. ఎర్ర కుల్లాయి కిటికీ దగ్గర ఒక్కసారి కనిపించి పోయింది.

"ఎవలు తిన్నరవ్వా? గదేం మాట?" అన్నాడు ఆశన్న బిత్తరపోయి.

"ఇదేరా! తండ్రి సచ్చిన్నాడే పుట్టింది. శుక్కురారం, గదే తారీఖు!"

ఆశన్న ఒక అడుగు దగ్గరికి వచ్చాడు. "శుక్కురారమా? శుక్కురారం అన్నకేం కాలేదవ్వా. మేం పండుకున్నది డేరాలల్ల. భూమి ఊగితె డేరా మీద పడ్డది, అంతే, గుడ్డలె గదా. అందరం బయటికొచ్చినం. పొద్దంతా ఫౌజోళ్లతోని కలిసి మట్టి తీసినం, అన్న నాకన్న ఎక్కువ తీసిండు. రాత్రి కూసున్నంక నాతోటి ఒక్కటే మాటన్నడు వదినా. ఇయ్యాలో రేపో ఇంట్ల కాన్పయితది, ఆడివిల్లయితె మంచిగుండు అన్నడు." అతడు భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు. "పోయింది ఐతారం. మళ్ళొకపారి భూమి కదిలింది. ఎవలో లోపట ఉన్నరంటె గోడ పక్కకు పోయిండు. గోడ..." చేతి కట్టును రెండో చేత్తో పట్టుకున్నాడు.

శుక్రవారం బతికి ఉన్నాడు. ఆ మాట ఈరవ్వ లోపలికి ముక్కలు ముక్కలుగా దిగింది. తను మొదటి నొప్పికి లేచినప్పుడు ఆయన డేరా గుడ్డ కింద నుంచి పాకి బయటికి వచ్చాడు, పిల్ల కెవ్వుమన్నప్పుడు మట్టి తీస్తున్నాడు, ఆ రాత్రి తను పిల్లను పక్కలో వేసుకుని ఆయన గురించి అనుకుంటుంటే ఆయన పిల్ల గురించి అనుకున్నాడు, ఆడపిల్ల అయితే బాగుండునన్నాడు. శనివారం కూడా బతికే ఉన్నాడు. ఆదివారం పొద్దున కూడా. ఇన్ని రోజులూ ఇంట్లో, వాడలో, అఖ్బారు చేత పట్టుకుని, పిల్ల నెత్తిన మోపిన ఆ శుక్రవారం పొద్దంతా ఆయన మంచిగా, ప్రాణంతో, చేతుల నిండా మట్టితో ఉన్నాడు. ఇప్పుడు వచ్చింది ఏడుపు. వంగి, పిల్ల మీద ఎండ పడకుండా వంగి, గొంతు పగిలేలా ఏడ్చింది, చెవుల్లో దూది ఉంటే తన ఏడుపు తనకే ఎక్కడో దూరంగా వినిపించింది. పిల్ల లేచి అది కూడా అందుకుంది.

భీమవ్వ లేచి కూర్చుంది. జుట్టు విడిపోయి, మట్టి అంటుకుని, కళ్ళు ఆశన్న ముఖం మీద నిలిచాయి. "ఐతారమా?" అంది. "ఐతారం ఏం తారీఖురా? ఆ నాడు ఏం జరిగె? ఎవలేం చేసిండ్రు ఆ నాడు?"

ఆశన్న నోరు తెరిచాడు. ఈరవ్వ చెయ్యెత్తి ఆపింది.

"అడగకు అత్తా" అంది. "ఆ ఐతారం నాడు గూడ ఏడనో ఒకామె పిల్లను కనే ఉంటది. ఆళ్ల జోలికి పోకు."

దిగినవాళ్లంతా వెళ్ళిపోయారు, బండి ఇంజనుకు నీళ్లు పడుతున్నారు. చాలాసేపటికి భీమవ్వ, "ఇటియ్యి, తల వాలిపోతున్నది పిల్లకు" అని చేతులు చాచింది. ఈరవ్వ పిల్లను ఇవ్వలేదు. కొంచెం జరిగి, పక్కన చోటు ఇచ్చింది.